బాల్టిక్ సముద్రంపై ఒక రాత్రి



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకన్నా బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను వేరొక విషయం ఎంచుకున్నాను. 2019 జూన్ నెలలో నేను, మా శ్రీమతి కలిసి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ నుంచి ఫిన్లండ్ రాజధాని హెల్సింకికి రాత్రి ఓడలో వెళ్ళాము. సాయంత్రం ఒక దేశంలో ఎక్కి, భోంచేసి పడుకుని, ఉదయం మరొక దేశంలో దిగాము. మనం బందరులో రాత్రి రైలెక్కి తెల్లవారి సికింద్రాబాదులో దిగినంత మామూలు వ్యవహారం అది అక్కడివారికి.

అయితే ఇది యాత్రా విశేషాల వ్యాసం కాదు. ఆ నీటిమీద దారి ఎలా పడింది, దానిని ఎవరు వేశారు, ఎంత ఖరీదు చెల్లించి నిలబెట్టారు అన్నది నాకు ఆసక్తి కలిగించింది. వెళ్ళేముందు కొంత, వచ్చిన తరువాత కొంత చదివాను. ముప్పై ఏళ్ళకు పైగా ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లు వ్రాసిన గుమాస్తా కళ్ళతో చూస్తే, ఆ దారి పొడుగునా నాకు కాగితాలే కనబడ్డాయి. అందులో మనబోటివారి పని ఎంత ఉందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మా శ్రీమతి అడిగిన ప్రశ్న

మా అబ్బాయి స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడే ఓడ ప్రయాణం మాట ఎత్తాడు. మా శ్రీమతిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మన జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. అధికారిక లెక్కల్లోనే సుమారు పదివేలమంది పోయారు. వారిలో మా ఆవిడ మేనత్తగారి కుటుంబం ఉంది. ఆ తరువాత ఆవిడ సముద్రపు నీళ్ళలో కాలు పెట్టలేదు. కార్తీక పున్నమికి ఊరంతా మంగినపూడి వెళ్ళినా తాను పెరట్లోనే స్నానం చేసేది.

అబ్బాయి ఓడ మాట చెప్పగానే కుదరదంటుందని అనుకున్నాను. అనలేదు. కాసేపు ఊరుకుని, "ఒరే, ఓడ ఎక్కేవాళ్ళ పేర్లు ఎవరైనా రాసుకుంటారా?" అని అడిగింది. "రాసుకుంటారమ్మా. ప్రతి ఒక్కరి పేరూ లిస్టులో ఉంటుంది. అది చట్టం" అన్నాడు వాడు. "అయితే సరే, తియ్యి టిక్కెట్లు" అంది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఆ సంగతి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

టపా మోసిన రైతులు

ఇక చరిత్రలోకి వద్దాం. స్వీడన్, ఫిన్లండ్ ఇప్పుడు రెండు దేశాలు గాని, సుమారు ఆరువందల ఏళ్ళు ఒకే రాజ్యం. స్టాక్‌హోమ్‌లో రాజుగారుంటే, సముద్రానికి ఆవలి ఒడ్డున తుర్కు పట్టణం ఫిన్లండ్ ప్రాంతానికి ముఖ్యస్థానం. రాజ్యం అన్న తరువాత ఉత్తర్వులు, జవాబులు, పన్నుల లెక్కలు అటూ ఇటూ పోవాలి కదా! స్వీడన్‌లో 1636లో ప్రభుత్వ టపా శాఖ ఏర్పడింది. 1638లో స్టాక్‌హోమ్ నుంచి తుర్కుకు టపా దారి వేశారు. రెండింటి నడుమ ఓలాండ్ అనే దీవుల గుంపు ఉన్నది. స్వీడన్ తీరంలోని గ్రిస్లెహామ్ నుంచి ఓలాండ్‌లోని ఎకెరో వరకు సుమారు నలభై కిలోమీటర్ల సముద్రం, ఆ తరువాత దీవి మీద నడక, మళ్ళీ పడవ, మళ్ళీ నడక. ఇదీ దారి.

ఈ పని చేసింది జీతగాళ్ళు కారు. దారి పక్క గ్రామాల రైతులే. టపా మోసినందుకు ప్రతిఫలంగా వారిని సైన్యంలోకి పట్టుకుపోకుండా మినహాయించారు. నిబంధనలు మాత్రం గట్టివి. 1636 నాటి ఉత్తర్వు ప్రకారం టపా మనిషి ఒక స్వీడిష్ మైలు, అంటే మన లెక్కలో పది కిలోమీటర్ల పైచిలుకు దూరం, రెండు గంటల్లో పరుగెత్తాలి. ఆలస్యమైతే ఎనిమిది రోజులు జైలు, రొట్టె, నీళ్ళు మాత్రమే ఆహారం. మెమో ఇచ్చి సంజాయిషీ అడిగే పద్ధతి ఇంకా రాలేదన్నమాట!

నేల మీద పరుగు ఒక ఎత్తు, సముద్రం మరొక ఎత్తు. చలికాలంలో ఆ సముద్రం సగం గడ్డకడుతుంది. మంచు మనిషి బరువు ఆపేంత గట్టిగా ఉండదు, పడవ నడిచేంత పల్చగానూ ఉండదు. అప్పుడు పడవను మంచు మీదికి లాగి ఈడ్చుకుంటూ, మంచు విరిగినచోట పడవలోకి దూకి తెడ్లు వేసుకుంటూ పోవాలి. మధ్యలో సిగ్నిల్‌షేర్ అనే చిన్న దీవిలో వాతావరణం కుదుటపడేదాకా తలదాచుకునేవారు. ఎందరో తిరిగి రాలేదు. ఆ రైతులు మోసిన సంచుల్లో తమ ఉత్తరం ఒక్కటైనా ఉండేదో లేదో! పైవాళ్ళ కాగితాలు పైవాళ్ళకు చేర్చడానికి ప్రాణాలు పెట్టారు.

ఈ టపా పని 1910 దాకా సాగింది. 1974 నుంచి ఏటా గ్రిస్లెహామ్, ఎకెరోల మధ్య పాతకాలపు దుస్తులు వేసుకుని, పాత రకం పడవల్లో టపా పడవల పందెం జరుపుతున్నారు. రాజులకూ, సేనాపతులకూ ఉత్సవాలు చేయడం చూశాను గాని, టపా మోసినవారికి ఉత్సవం చేయడం ఇక్కడే విన్నాను. చాలా సంతోషం వేసింది.

రెండుగా చీలిన రాజ్యం, మధ్యలో దీవులు

1808లో రష్యాకు, స్వీడన్‌కు యుద్ధం వచ్చింది. స్వీడన్ ఓడిపోయింది. 1809 సెప్టెంబరు 17న జరిగిన సంధితో ఫిన్లండ్ మొత్తం, దానితోబాటు ఓలాండ్ దీవులు రష్యా చక్రవర్తి పాలయినాయి. ఒకే రాజ్యంలోని రెండు ఒడ్లు ఒక సంతకంతో రెండు దేశాలయినాయి. ఎకెరో అనే పల్లెటూరు రష్యా సామ్రాజ్యానికి పడమటి గుమ్మమయింది. గుమ్మం ఘనంగా ఉండాలని రష్యావారు అక్కడ రాజభవనం వంటి టపా, సుంకపు కార్యాలయం కట్టించారు. అది 1828లో పూర్తయింది. దాని నమూనా గీసిన కార్ల్ లుడ్విగ్ ఎంగెలే హెల్సింకి నగరం నడిబొడ్డున ఉన్న తెల్లని పెద్ద చర్చికి కూడా శిల్పి. టపా మాత్రం దేశాలు మారినా ఆగలేదు. అదే రైతులు అదే పడవల్లో మోశారు.

తరువాత రష్యావారు ఓలాండ్‌లో బోమర్‌సుండ్ అనే పెద్ద కోట కట్టడం మొదలుపెట్టారు. క్రిమియా యుద్ధకాలంలో, 1854 ఆగస్టులో, బ్రిటిష్, ఫ్రెంచి సేనలు వచ్చి దానిని పట్టుకుని పేల్చివేశాయి. 1856లో పారిస్‌లో సంధి జరిగినప్పుడు ఈ దీవులలో ఇకమీదట కోటలు కట్టరాదు, సైన్యం ఉంచరాదు అని వ్రాసుకున్నారు. ఆ షరతు నేటికీ అమలులో ఉంది.

1917 డిసెంబరు 6న ఫిన్లండ్ స్వతంత్ర దేశమయింది. అప్పుడు వచ్చింది చిక్కు. ఓలాండ్ ప్రజలు మాట్లాడేది స్వీడిష్. వారు స్వీడన్‌లో కలుస్తామన్నారు. ఫిన్లండ్ వీల్లేదన్నది. మరోచోటైతే తుపాకులు పేలేవి. ఇక్కడ ఫైలు కదిలింది. విషయం అప్పటి నానాజాతి సమితికి వెళ్ళింది. 1921లో తీర్పు వచ్చింది. దీవులు ఫిన్లండ్‌వే, కాని అక్కడివారి స్వీడిష్ భాషకు, ఆచారాలకు, భూములకు రక్షణ ఇవ్వాలి. తీర్పు మొదట ముగ్గురిలో ఎవరికీ పూర్తిగా రుచించలేదు. అయినా ముగ్గురూ పాటించారు. ఈనాడు ఓలాండ్‌కు సొంత శాసనసభ ఉన్నది, 1954 నుంచి సొంత జెండా, 1984 నుంచి సొంత తపాలా బిళ్ళలు ఉన్నవి. అక్కడి యువకులకు నిర్బంధ సైనిక శిక్షణ లేదు. బయటివారు ఊరికే వచ్చి భూమి కొనడానికి వీలులేదు, స్థానికహక్కు ఉండాలి. మన ఏజెన్సీ ప్రాంతంలో ఒన్ ఆఫ్ సెవెంటీ చట్టం గురించి తెలిసిన రెవెన్యూ మిత్రులకు ఇది వెంటనే అర్థమవుతుంది. కారణాలు వేరు గాని ఆలోచన అలాంటిదే.

మెడలో చీటీలతో పిల్లలు

1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లండ్ మీద పడ్డాయి. ఆనాటి నుంచి 1944 వరకు కొద్దికాలం విరామంతో యుద్ధం. బాంబులనుంచి, ఆకలినుంచి కాపాడడానికి ఫిన్లండ్ తల్లిదండ్రులు తమ పిల్లలను స్వీడన్‌కు పంపారు. ఆ సంఖ్య సుమారు డెబ్బై వేలు. ఓడల్లో కొందరు, ఉత్తరాన చుట్టు తిరిగే రైళ్ళలో కొందరు. ప్రతి పిల్లవాడి మెడలో పేరు వ్రాసిన చీటీ కట్టారు. మూడేళ్ళ పిల్ల తన ఇంటిపేరు చెప్పలేదు కదా. ఆ చీటీయే దానికి తల్లి, తండ్రి, ఊరు, దేశం.

ఆ చీటీ సరిగా వ్రాసినవాళ్ళెవరో మనకు తెలియదు. ఏ రైలు స్టేషనులోనో, ఏ రేవులోనో కూర్చున్న గుమాస్తాలు, స్వచ్ఛందంగా వచ్చిన స్త్రీలు అయివుంటారు. యుద్ధం అయ్యాక పిల్లల్లో ఎక్కువమంది తిరిగి వెళ్ళారు. కొన్ని వేలమంది పెంచినవారి దగ్గరే ఉండిపోయారు. తిరిగి వెళ్ళినవారిలో ఎందరో ఫిన్నిష్ భాష మరచిపోయి, కన్నతల్లితో మాట్లాడలేకపోయారట. ఈ విషయం నేను చదివి చెబితే మా శ్రీమతి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, "పంపినవాళ్ళ గుండె గట్టిది, పెంచినవాళ్ళ మనసు మంచిది. మధ్యలో పిల్లలే పాపం" అంది.

పాస్‌పోర్టు అక్కరలేని సముద్రం

యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్ళకే మరొక కాగితం పుట్టింది. ఇది పాస్‌పోర్టు అక్కరలేదని చెప్పే కాగితం! 1952 జూలైలో స్వీడన్, ఫిన్లండ్, నార్వే, డెన్మార్క్ దేశాల పౌరులు ఒకరి దేశంలోకి ఒకరు పాస్‌పోర్టు లేకుండా పోవచ్చునని ఒప్పుకున్నారు. 1954 నుంచి అనుమతిపత్రం లేకుండా ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. అప్పటికి స్వీడన్‌లో కర్మాగారాలకు మనుషులు చాలడం లేదు, ఫిన్లండ్‌లో పల్లెటూళ్ళవారికి పని చాలడం లేదు. ఇక చూసుకోండి, 1969, 1970 ఏళ్ళలో ఏటా నలభై వేలకు అటూ ఇటూగా ఫిన్లండ్‌వారు వలస వెళ్ళారు. మొత్తంమీద ఐదు లక్షలకు పైగా వెళ్ళారు. వారిలో సగంమంది వరకు తరువాత తిరిగి వచ్చారు. కార్లు, లారీలు కూడా మోయగల పెద్ద ఓడలు ఈ కాలంలోనే వచ్చాయి. సిల్జా కంపెనీ 1957లోను, వైకింగ్ వారి ఓడలు 1959లోను మొదలయినాయి. వేసవి సెలవులకు ఇంటికి పోయే కార్మికులు, పెట్టెలు, బిడ్డలు, అమ్మమ్మలు! ఓడ నిండా ఇదే జనం.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన రంగం జ్ఞాపకం వచ్చింది. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి మన కోస్తా జిల్లాలవారు వేలకొద్దీ స్టీమర్లెక్కి రంగూను వెళ్ళి రైస్‌మిల్లుల్లోను, రేవుల్లోను పనిచేసి వచ్చేవారు. అప్పటికి బర్మా, ఇండియా ఒకే ప్రభుత్వం కింద ఉండేవి. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశారు. 1942లో జపానువారు వచ్చేసరికి ఓడలు దొరకక మనవాళ్ళు అడవులు, కొండలు దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో పోయినవారికి లెక్క లేదు. ఆ దారి మళ్ళీ మునుపటిలా తెరుచుకోలేదు. అక్కడా ఒకటి రెండయింది, ఇక్కడా ఒకటి రెండయింది. అక్కడ దారి మూసుకుపోయింది, ఇక్కడ ఇరువైపులవారూ కూర్చుని దారి తెరిచి ఉంచేట్టు వ్రాసుకున్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

మా ప్రయాణం

స్టాక్‌హోమ్ రేవులో సాయంత్రం నాలుగున్నర దాటాక ఓడ కదిలింది. దాని పేరు సిల్జా సింఫనీ. 1991లో ఫిన్లండ్‌లోనే తుర్కులో కట్టారు. పొడవు 203 మీటర్లు, 2800 మందికి పైగా పడతారు. లోపల నడిమధ్య ఒక బజారు వీధి, ఇరుపక్కలా దుకాణాలు, పైన కేబిన్ల కిటికీలు. మా ఆవిడ చూసి, "ఇది ఓడా, ఊరా?" అంది. ఊరిలా ఉండడమే ఆవిడకు ధైర్యం ఇచ్చింది. కేబిన్ చిన్నదే, మన ఫస్టుక్లాసు కూపే అంత. కోడలు కట్టి ఇచ్చిన పులిహోర, పెరుగన్నం ఉన్నాయి గనుక భోజనానికి ఇబ్బంది లేదు.

మొదటి మూడు నాలుగు గంటలు సముద్రం సముద్రంలాగే ఉండదు. రెండు పక్కలా వేలకొద్దీ దీవులు, వాటిమీద దేవదారు చెట్లు, ఎర్ర రంగు చెక్క ఇళ్ళు. కృష్ణలో లాంచీ మీద పోతున్నట్టే ఉన్నది. జూన్ నెల కావడంతో రాత్రి పదింటికి గాని పొద్దు గుంకలేదు. ఆ తరువాతా పూర్తి చీకటి పడలేదు. మా శ్రీమతి మొదట కిటికీలోంచి చూసింది, తరువాత డెక్కు మీదకు వచ్చింది, కాని కమ్మీని పట్టుకోలేదు. నా చెయ్యి పట్టుకుని రెండడుగులు వెనుకనే నిలబడింది.

అర్ధరాత్రికి కాస్త ముందు ఓడ ఓలాండ్ రాజధాని మారియహామ్ రేవులో ఆగింది. దిగినవారు వేళ్ళమీద లెక్కించేంతమంది. పది నిమిషాల్లో మళ్ళీ కదిలింది. ఇంత పెద్ద ఓడ ఈ వేళప్పుడు ఇక్కడ ఎందుకు ఆగినట్టు? ఇక్కడా ఒక నిబంధనే కారణం. స్వీడన్, ఫిన్లండ్ 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. 1999 జూలై నుంచి యూనియన్ దేశాల మధ్య నడిచే ఓడల్లో సుంకం లేని అమ్మకాలు రద్దయ్యాయి. కాని ఓలాండ్ చేరేటప్పుడే తాము పన్నుల విషయంలో యూనియన్‌కు బయట ఉంటామని వేరుగా వ్రాయించుకుంది. అందుచేత ఓడ ఓలాండ్‌లో ఒక్కసారి తాడు వేస్తే చాలు, దారిలో సుంకం లేకుండా సరుకు అమ్మవచ్చు. ఓడ ఖర్చులో పెద్దభాగం ఆ దుకాణం నుంచే వస్తుంది. ముప్పై వేల జనాభా గల దీవుల ఒక్క క్లాజు వల్ల ఇన్ని ఓడలు రాత్రివేళ వచ్చి గుమ్మం తాకిపోతున్నాయంటే, డ్రాఫ్టు వ్రాసినవాడికి నమస్కారం పెట్టాలనిపించింది.

ఫిన్లండ్ గడియారం స్వీడన్ కన్నా ఒక గంట ముందు. పడుకునేముందు నా వాచీ ముల్లు ఒక గంట ముందుకు తిప్పుకున్నాను.

1994 సెప్టెంబరు 28

ఈ దారి గురించి వ్రాస్తూ ఈ తేదీ వ్రాయకపోతే చరిత్ర కాదు. 1994 సెప్టెంబరు 27 సాయంత్రం ఎస్టోనియా అనే ఓడ టాలిన్ నుంచి స్టాక్‌హోమ్‌కు బయలుదేరింది. ఇదీ రాత్రి ఓడే. అందులో 989 మంది ఉన్నారు. తుఫాను గాలి. లారీలు ఎక్కించడానికి ఓడ ముక్కు భాగం టోపీలా పైకి తెరుచుకునేట్టు ఉంటుంది. రాత్రి ఒంటిగంట దాటిన తరువాత అలల దెబ్బకు దాని గొళ్ళేలు తెగి ముక్కు ఊడిపోయింది. నీరు లారీలుండే అంతస్తులోకి చొరబడింది. ఓడ ఒక పక్కకు ఒరిగి, గంట లోపలే మునిగిపోయింది. 852 మంది చనిపోయారు. వారిలో 501 మంది స్వీడన్‌వారు, మిగిలినవారిలో ఎక్కువమంది ఎస్టోనియావారు. 137 మంది బ్రతికారు. పిలుపు విని చుట్టుపక్కల ఓడలు దారి మళ్ళించుకుని వచ్చాయి. మేము ఎక్కిన సింఫనీ కూడా ఆ రాత్రి వచ్చిన ఓడల్లో ఒకటి. అలల మధ్య ఓడల నుంచి కొద్దిమందినే తీయగలిగారు, ఎక్కువమందిని హెలికాప్టర్లు తీశాయి.

విచారణ సంఘం 1997లో నివేదిక ఇచ్చింది. 2020లో ఓడ పక్కభాగంలో గండి కనబడిందని వార్త రాగా మూడు దేశాలు మళ్ళీ పరిశీలన ప్రారంభించాయి. 2023 జనవరిలో వెలువడిన ప్రాథమిక నివేదికలో మరో ఓడ ఢీకొన్నట్టుగాని, పేలుడు జరిగినట్టుగాని ఆధారాలు లేవన్నారు. పోయినవారు తిరిగి రారు గాని నిబంధనలు మారాయి. లారీల అంతస్తులోకి కొంత నీరు వచ్చినా ఓడ ఒరగకుండా ఉండాలని 1996లో ఉత్తర యూరప్ దేశాలు స్టాక్‌హోమ్‌లో ఒప్పందం చేసికొన్నాయి. 1998లో యూరోపియన్ యూనియన్ మరొక నిబంధన చేసింది. ప్రయాణికుల ఓడ కదిలేముందు ఎంతమంది ఎక్కారో లెక్కించాలి. దూరప్రయాణమైతే ఎక్కినవారి పేర్లు నమోదుచేసి ఒడ్డున భద్రపరచాలి. మా అబ్బాయి చెప్పిన చట్టం ఇదే.

ఇప్పుడు మా శ్రీమతి ప్రశ్న సంగతి. ఉప్పెన రోజున వాళ్ళ మేనత్తగారింటికి చుట్టపుచూపుగా మరో ఇద్దరు వచ్చి ఉన్నారు, వరసకు చిన్నమ్మ, ఆమె కూతురు. ఇల్లు ఇల్లంతా పోయింది. అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. నేను సహాయ శిబిరాల్లో పోయినవారి జాబితాలు కాపీ చేస్తున్న ఎల్.డి.సి.ని. ఊరివారి పేర్లు ఓటర్ల జాబితాతో సరిచూసి వ్రాసేవారు. చుట్టాలు ఆ ఊరి జాబితాలో లేరు. వారి సొంత ఊరు ఉప్పెన తగలని ఊరు గనుక అక్కడి జాబితాలోనూ లేరు. శవాలు దొరకలేదు. ఆ ఇద్దరి పేర్లూ కాగితం మీదికి ఎక్కించడానికి మా మామగారు ఏడాది తిరిగారు. ఆయన పరిహారం కోసం తిరగలేదు. "వాళ్ళు పోయారని గవర్నమెంటు ఒప్పుకోవాలి కదయ్యా, లేకపోతే వాళ్ళు లేనట్టే కదా" అనేవారు. చివరకు పేర్లు ఎక్కాయి. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది.

ఓడ ఎక్కడానికి రెండురోజుల ముందు స్టాక్‌హోమ్‌లో ఎస్టోనియా మృతుల స్మారకం చూశాము. 1628లో మునిగి 1961లో పైకి తీసిన వాసా అనే ఓడ మ్యూజియం పక్కనే, పాత శ్మశానవాటికను ఆనుకుని ఉంది. మూడు గ్రానైటు గోడలు, మధ్యలో ఒక చెట్టు, గోడలనిండా చెక్కిన పేర్లు. మాకు ఆ భాష రాదు, ఆ మనుషులు తెలియరు. మా ఆవిడ ఒక పేరు మీద వేలు పెట్టి, "ఏమండీ, వీళ్ళ శవాలు దొరికాయా?" అంది. ఎక్కువమందివి ఓడతోబాటే అడుగున ఉండిపోయాయని, ఆ చోటును సమాధిగా భావించి ఎవరూ ముట్టుకోకూడదని 1995లోనే మూడు దేశాలు ఒప్పందం చేసుకున్నాయని చెప్పాను. "పేర్లున్నాయి, నయమే" అంది.

మనం వ్రాసిన కాగితాలు

ఉదయం పదిన్నర ప్రాంతంలో హెల్సింకిలో దిగాము. 2001 నుంచి ఈ దేశాలు షెంగెన్ ఏర్పాటులో ఉన్నందున మా వీసా రెండింటికీ చెల్లుతుంది. రేవులో మమ్మల్ని ఎవరూ ఆపి ఏమీ అడగలేదు. మూడువందల ఏళ్ళ యుద్ధాలు, సంధులు, తీర్పులు, ఒప్పందాలు కలిస్తే ఇద్దరు ముసలివాళ్ళు ఒక సంచి పట్టుకుని ఒక దేశంలోంచి మరొక దేశంలోకి అలా నడిచిపోగలిగారు. మా శ్రీమతి రేవులో వెనక్కి తిరిగి ఓడను చూసి దణ్ణం పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో ఆవిడే నన్ను డెక్కు మీదికి పిలిచింది.

మన ఉద్యోగాలను గురించి లోకులు తేలికగా మాట్లాడతారు. కాగితాలు నలుపు చేసేవాళ్ళమని, ఫైళ్ళు తొక్కిపెట్టేవాళ్ళమని అంటారు. అందులో నిజం లేదని అనను. కాని టపా సంచి సమయానికి చేరడం, పిల్ల మెడలో చీటీ సరిగా ఉండడం, ఒక క్లాజు పొరపాటు లేకుండా వ్రాయడం, పోయిన మనిషి పేరు జాబితాలో ఎక్కడం, ఇవన్నీ ఎవరో ఒక గుమాస్తా కూర్చుని వ్రాస్తేనే జరుగుతాయి. మనలో ప్రతి ఒక్కరూ ముప్పై, ముప్పైఐదేళ్ళు అదే పని చేశాము.

సభ్యులకు ఒక మనవి. మన ఇళ్ళలో రంగం వెళ్ళి వచ్చినవారు, వెళ్ళి రానివారు ఉంటారు. ఉప్పెనలో, గాలివానల్లో పోయినవారు ఉంటారు. వారి పేర్లు తెలిసినవారం మన తరంతోనే ఆఖరు. చేయి వణకకముందే ఒక నోటుబుక్కు తీసి, పేరు, తండ్రి పేరు, ఊరు, తెలిసినంతవరకు సంవత్సరం వ్రాసి, మనుమల చేతికి ఇవ్వండి. ఇంతకాలం ప్రభుత్వానికి వ్రాశాము, ఈ ఒక్క జాబితా మన ఇంటికోసం వ్రాసుకుందాం.

సెలవు.